నానేసిన గడ్డి

మిస్రీ మెడ మీద చెయ్యేస్తే
కొవ్వు, ఎండిన రొట్టె లెక్క గట్టిగ తగులుతుండె.
"ఏం మేపినవమ్మా, నిగనిగలాడుతున్నది" అనేటోళ్ళు
బరాత్ మాట్లాడుకునేటందుకు వచ్చినోళ్ళు.
ఆ మాటకు నేను తొమ్మిదేండ్లు మురిసిన.

జియాగూడ కింద మూసీ గడ్డి
కోసినకొద్దీ మోకాలెత్తు లేస్తది.
పొద్దుగాల రెండు కట్టలు, మాపటికి రెండు,
నడుమ తవుడు, తవుట్ల బెల్లం.
నెక్లెస్ రోడ్డు మీద పిల్లల చేతుల బిస్కెట్లు.
పెండ్లికాడ ఒక బావమరిది
దాని నోట్లె జిలేబి పెట్టి ఫోటో దిగిండు.
పేరే మిస్రీ అని పెట్టుకున్నం, ఇంకెవ్వల్నంటం?

ఆషాఢంల పెండ్లిళ్ళు లేవు.
వానకు గడ్డి పాలు తాగినట్టు బలిసింది.
కట్టేసి మేపినం.
శ్రావణంల తొలి బేరం నాడు
అద్దాల జీను ఎత్తుకొని పోతే
మిస్రీ కదలలే.

ముందటి కాళ్ళు చాపి
బరువంత మడిమెల మీదికి నూకి
ఒక కాలు లేపుతది, దించుతది,
ఇంకో కాలు.
మొండికేసిందని మా ఆయన కమ్చీ ఎత్తిండు.
"రుకో" అన్నడు గౌస్ మియా.
ముప్పై ఏండ్ల సంది నాల్లు కొట్టే చెయ్యి
గిట్టను పట్టుకున్నది,
మసిలే చాయ్ గిలాసను విడిచినట్టు విడిచింది.

డాక్టరమ్మ ప్రణవి నెత్తురు తీసుకపోయింది.
ఇన్సులిన్ పొంగుతున్నదట, ఒళ్ళు దాని మాట వింటలేదట.
గిట్ట లోపట
ఎముకను గోరును పట్టి ఉంచే పొర
ఊడుతున్నదట.
గోరు కింద పుల్ల దిగితెనే
మనం వాడ వాడంత వినేటట్టు మొత్తుకుంటం.
ఇది మూడు క్వింటాళ్ళు గోర్ల మీద మోస్తది,
చెవులు మాత్రం ఎనకకు పెడతది.

పచ్చగడ్డి బంద్. తవుడు బంద్.
నడిపియ్యొద్దు. కాళ్ళ కింద జానెడు ఇసుక.
బేగంబజార్ చేపల దుకాణంల మంచు అడుక్కొచ్చి
బకెట్లల్ల గిట్టలు ముంచినం.
రెండు దినాలు మా మిస్రీ కొర్రమీను వాసనొచ్చింది.
పాత ఇనుప సామాన్ల ఐలయ్య కాడ కాంటా తెచ్చి
ఎండుగడ్డి తూకమేసి
గంటసేపు నానేసి, నీళ్ళు పారబోసి
అప్పుడు పెట్టుడు.

"నోరులేని జీవిని ఎండగడతవా" అన్నది మా అత్త సత్తెమ్మ.
చీకట్ల పోయి బెల్లం పెట్టింది.
తెల్లారి గిట్ట మళ్ళ కాలింది.
ఆమెను తిట్టలే.
ఆమె చెయ్యి పట్టుకపోయి గిట్ట మీద పెట్టిన,
ఆమె తియ్యలే, చానా సేపు.
ఆ దినం సంది గడ్డి నానేసేది ఆమెనే.

నానిన నీళ్ళు చాయ్ రంగుల దిగుతయి.
మోరీ పక్కపొంటి పోస్తే
చీమలు బారు కట్టినయి.
రిపోర్టు రానీకె నాలుగు దినాలు పట్టింది,
చీమలకు ఆ పూటనే ఎరుక.

కార్తీకం వచ్చింది. మూడు నెలల బేరాలు పోయినయి,
కిస్తీ ఒకటి బాకీ ఉన్నది.
మిస్రీ గల్లీ చివరిదాంక నడిచి వస్తది,
మెత్తటి మన్ను మీద, మెల్లగ.
నిన్న ఒకాయన పక్కటెముకల దిక్కు చూసి
"బక్కగైంది, ఇంకోటి లేదా?" అన్నడు.
లేదన్న.
మనుమడు బిస్కెట్ తీస్తే ఆ చెయ్యి పట్టి
"గీకు, గదుమ కింద గీకు" అన్న.
పోరడు గీకితే పెదవి ఏలాడేసింది మిస్రీ.
బిస్కెట్ నేను తిన్న.

రాత్రి రెండు సార్లు లేస్త.
సెల్లు లైటు పండ్లతోని పట్టుకొని
గిట్ట పైన, కీలు సందుల
రెండు వేళ్ళు పెట్టి నాడి వెతుకుత.
నొప్పున్నప్పుడు అది డప్పు లెక్క కొడతది,
బాగుంటె చేతికందదు.
ఎక్కడన్న నాడి దొరకకుంటె ఏడుస్తరు.
నేను దొరకకుంటె
పోయి పండుకుంట.